రాజ్యం కలిసింది సరే, మనుషులను కలుపుకున్నారా?

(కోరుట్లలో విద్యార్థులు, ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇయ్యాల మనం మాట్లాడుకునే ముచ్చట కొంచెం దూరం నుంచి మొదలవుతుంది. తిరుగుబాటు చేసిన గడ్డను ఒక దేశం తిరిగి తనలో ఎట్లా కలుపుకుంటుంది? యుద్ధం గెలవడం ఒక ఎత్తు, గెలిచిన తెల్లారి ఏం చేస్తారన్నది ఇంకో ఎత్తు. ఫౌజు పని కొన్ని రోజుల్లోనో కొన్ని ఏండ్లలోనో ముగుస్తుంది. తర్వాతి పనికి ఒక తరం పడుతుంది, ఒక్కోసారి వందేండ్లు కూడా పడుతుంది.

ఇది పుస్తకాల్లో చదువుకునే సంగతి మాత్రమే అయితే మనం ఇక్కడ కూర్చుని మాట్లాడుకునే పని లేదు. మన గడ్డ ఈ అనుభవాన్ని రెండుసార్లు చూసింది. 1948లో హైదరాబాద్ రాజ్యంగా చూసింది. 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలుగా చూసింది. రెండుసార్లూ రాజ్యం గెలిచింది. గెలిచినంక మనుషులను కలుపుకున్నదా లేదా అన్నదే మన ప్రశ్న.

దీన్ని తేల్చుకోవడానికి నాలుగు చిన్న ప్రశ్నలు వేసుకుందాం. మాఫీ ఎవరికి దొరికింది? భూమి ఎవరికి దక్కింది? కుర్చీలో ఎవరు కూర్చున్నారు? ఇచ్చిన మాటకు కాపలా ఎవరున్నారు? ఈ నాలుగూ పట్టుకుని ముందు అమెరికా పోదాం, ఆ తర్వాత హైదరాబాద్ వద్దాం, చివరికి మన ఊళ్లకు వద్దాం.

అమెరికాలో గెలిచినవాళ్లు ఏం చేశారు?

1860 డిసెంబర్ నుంచి 1861 జూన్ దాకా అమెరికాలో 11 దక్షిణాది రాష్ట్రాలు దేశం నుంచి విడిపోతున్నామని ప్రకటించాయి. ఎందుకు? బానిసత్వాన్ని కాపాడుకోవడానికి. ఈ మాట గట్టిగా చెప్పుకోవాలి. ఎందుకంటే తెలంగాణ కావాలన్న ప్రతిసారీ మనల్ని ‘వేర్పాటువాదులు’ అన్నారు. ఆ 11 రాష్ట్రాలు దేశాన్నే వదిలిపోతామన్నాయి, అది కూడా మనిషిని మనిషి అమ్ముకునే హక్కు కోసం. మనం ఈ దేశంలోనే ఉండి, రాజ్యాంగంలోని 3వ అధికరణ కింద మా రాష్ట్రం మాకు కావాలన్నాం. రెండింటికీ పోలికే లేదు. ఈ ముచ్చట ఇక్కడితో ఆపుదాం.

నాలుగేండ్ల యుద్ధంలో 6 లక్షలకు పైగా మనుషులు చచ్చిపోయారు. 1865 ఏప్రిల్ 9న దక్షిణాది సేనాని లీ లొంగిపోయాడు. సరిగ్గా ఐదు రోజులకు లింకన్ మీద కాల్పులు జరిగాయి, తెల్లారి ఆయన చనిపోయాడు. ఇగ అక్కడి నుంచి మొదలైంది అసలు పంచాయితీ. ఓడిపోయిన రాష్ట్రాలను ఏ షరతు మీద లోపలికి రానియ్యాలి?

లింకన్ 1863 డిసెంబర్‌లోనే ఒక లెక్క చెప్పాడు. 1860 ఎన్నికల్లో ఓటేసిన వాళ్లలో నూటికి పదిమంది దేశానికి విధేయులుగా ఉంటామని ప్రమాణం చేసి, బానిసత్వం రద్దును ఒప్పుకుంటే చాలు, ఆ రాష్ట్రం కొత్త సర్కారు పెట్టుకోవచ్చన్నాడు. కాంగ్రెస్‌లోని గట్టివాళ్లు అది చాలదన్నారు. సగం మందికి పైగా ప్రమాణం చేయాలని 1864లో బిల్లు పెట్టారు. లింకన్ దాని మీద సంతకం పెట్టలేదు. అసలు తగువేమిటంటే, ఆ రాష్ట్రాలు ఎన్నడూ దేశం దాటిపోలేదు, దారి తప్పాయంతే అన్నది ఒక వాదం. దాటిపోయాయి, యుద్ధంలో గెలుచుకున్న గడ్డ కాబట్టి షరతులు మనమే పెట్టాలి అన్నది ఇంకో వాదం. 1869లో సుప్రీంకోర్టు మొదటి వాదాన్నే నిలబెట్టింది. కానీ అప్పటికే షరతులు వచ్చేశాయి.

లింకన్ పోయినంక గద్దెనెక్కిన ఆండ్రూ జాన్సన్ 1865 మే నెలలో మాఫీ ప్రకటించాడు. 20 వేల డాలర్ల కంటే ఎక్కువ ఆస్తి ఉన్నవాళ్లకు మాత్రం వర్తించదన్నాడు. వాళ్లు ఒక్కొక్కరే వచ్చి అర్జీ పెట్టుకోవాలి. వినడానికి బాగుంది. జరిగిందేమిటి? అర్జీలు కుప్పలు తెప్పలుగా వచ్చాయి, మాఫీలు వేలల్లో పోయాయి. యుద్ధం తెచ్చిన భూస్వాములే మళ్లీ పెద్దమనుషులయ్యారు.

భూమి సంగతి ఇంకా ఘోరం. 1865 జనవరిలో సేనాని షెర్మన్ ఒక ఆర్డర్ ఇచ్చాడు. సముద్రం ఒడ్డున భూస్వాములు వదిలిపోయిన భూముల్లో కుటుంబానికి 40 ఎకరాలకు మించకుండా విడుదలైన బానిసలకు ఇవ్వాలని. దాదాపు 40 వేల మంది ఆ భూముల్లో నాగలి పట్టారు. ఆ ఏడాది తిరగకముందే జాన్సన్ ఆ భూములను పాత యజమానులకు తిరిగి ఇప్పించాడు. పంట వేసినవాణ్ణి గట్టు మీదికి నెట్టారు. పైగా దక్షిణాది శాసనసభలు కొత్త చట్టాలు తెచ్చాయి. పని లేకుండా తిరిగే నల్లవాణ్ణి పట్టుకోవచ్చు, జుర్మానా వేయవచ్చు, కట్టలేకపోతే భూస్వామి దగ్గర పనికి పెట్టవచ్చు. దీనికి వాళ్లు పెట్టుకున్న పేరు వేరు. మన ఊళ్లలో దీని పేరు వెట్టి.

అప్పుడు కాంగ్రెస్ అడ్డం తిరిగింది. 1865 డిసెంబర్‌లో దక్షిణాది నుంచి గెలిచి వచ్చిన సభ్యులకు కుర్చీలియ్యలేదు. తిరుగుబాటు సర్కారుకు ఉపాధ్యక్షుడుగా ఉన్న స్టీఫెన్స్‌ను జార్జియా ఏకంగా సెనేట్‌కు ఎన్నుకుని పంపితే కూడా రానియ్యలేదు. అప్పటికే లోపలికి వచ్చిన టెన్నెసీని వదిలి, మిగిలిన 10 రాష్ట్రాలను 1867లో ఐదు మిలిటరీ జిల్లాలుగా విడగొట్టారు. లోపలికి రావాలంటే నల్లవాళ్లతో సహా మగవాళ్లందరికీ ఓటిచ్చి కొత్త రాజ్యాంగం రాసుకోవాలి. పుట్టిన ప్రతి మనిషీ పౌరుడే, చట్టం ముందు సమానుడే అన్న 14వ సవరణను ఒప్పుకోవాలి. 1870 నాటికి అన్ని రాష్ట్రాలూ ఆ షరతు మీదే లోపలికి వచ్చాయి. అదే ఏడు మిసిసిపీ నుంచి హైరమ్ రెవెల్స్ అనే నల్లజాతి మనిషి సెనేట్‌లో కూర్చున్నాడు. దక్షిణాదిలో అందరికీ సర్కారు బడులు ఆ కాలంలోనే వేళ్లూనుకున్నాయి.

మరి ఎందుకు నిలవలేదు? భూమి దక్కలేదు, కాపలా నిలవలేదు. ముసుగులేసుకుని రాత్రిపూట ఇండ్ల మీద పడే మూకలు ఓటేయడానికి పోయేవాణ్ణి చంపాయి. 1876 అధ్యక్ష ఎన్నికల్లో ఎవరు గెలిచారో తేలక, ఢిల్లీ లాంటి వాళ్ల రాజధానిలో లోపాయికారీ ఒప్పందం కుదిరింది. 1877 ఏప్రిల్ నాటికి దక్షిణాది సర్కార్లకు కాపలాగా ఉన్న ఆఖరి ఫౌజు బారక్‌లకు పోయింది. దానికి దక్షిణాది దొరలు పెట్టిన పేరేమిటో తెలుసా? ‘హోం రూల్’. అంటే స్వపరిపాలన! ఆ స్వపరిపాలనలో నల్లవాడి ఓటు పోయింది, బడి వేరైంది, రైలు డబ్బా వేరైంది. మళ్లీ ఓటు గట్టిపడటానికి 1965 చట్టం దాకా ఆగాల్సి వచ్చింది. 88 ఏండ్లు!

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఉత్తరాది నుంచి సంచీ పట్టుకుని వచ్చి కుర్చీలెక్కారని దక్షిణాది దొరలు బయటివాళ్లను ‘కార్పెట్‌బ్యాగర్లు’ అని తిట్టారు. మనకు గైర్ ముల్కీలు గుర్తుకొస్తారు. కానీ తొందరపడొద్దు. ఆ వచ్చినవాళ్లలో దోచుకున్నవాళ్లున్నారు, విడుదలైన బానిసల పిల్లలకు చదువు చెప్పడానికి వచ్చిన పంతులమ్మలూ ఉన్నారు. దొరలకు కోపం ఎక్కువగా రెండోవాళ్ల మీదే. కాబట్టి బయటివాడు పోయి లోపలివాడు వస్తే చాలు, అంతా బాగైతదని చరిత్ర ఎక్కడా చెప్పలేదు. లోపలివాడు ఎవడు అన్నది అడగాలి. ఈ మాట మనసులో పెట్టుకోండి, చివర మళ్లీ పనికొస్తుంది.

1948: హైదరాబాద్ కలిసింది, ఎట్లా కలిసింది?

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. 1947 నవంబర్ 29న నిజాం భారత ప్రభుత్వంతో యథాతథ ఒప్పందం చేసుకున్నాడు. ఏడాది కూడా గడవలేదు. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం వచ్చింది, 17న నిజాం లొంగిపోయాడు. ఐదు రోజుల పని. వచ్చింది సైన్యం, పెట్టిన పేరు పోలీసు చర్య. రజాకార్ల ఆగడాలు మన పెద్దలకు ఎరుకే. ఆ పీడ పోవాలని జనం కోరుకున్నారు, పోయింది. దాని మీద మనకు రెండో మాట లేదు. అడగాల్సింది ఆ తర్వాతి సంగతి. మన నాలుగు ప్రశ్నలూ వేద్దాం.

మాఫీ ఎవరికి? నిజాం 1950 జనవరి 26 నుంచి 1956 అక్టోబర్ 31 దాకా ఇదే రాష్ట్రానికి రాజప్రముఖ్. ఏటా 50 లక్షల రాజభరణం. ఊళ్లు వదిలి పట్నాలకు పారిపోయిన దేశ్‌ముఖ్‌లు సైన్యం వెనకాలే తిరిగొచ్చారు, ఖద్దరు టోపీలు పెట్టుకున్నారు. మరి రజాకార్ల మీద కొట్లాడిన రైతుకు? ఆ రైతు మీదికే సైన్యం మళ్లింది. మూడేండ్లు నడిచింది. పోరాట కాలం మొత్తంలో 4 వేల మంది కమ్యూనిస్టులు, రైతు వీరులు చనిపోయారని, 10 వేల మందికి పైగా నిర్బంధ శిబిరాల్లో, జైళ్లలో మగ్గారని పుచ్చలపల్లి సుందరయ్య తన పుస్తకంలో రాశారు. మన జిల్లా అనభేరి ప్రభాకర్ రావు 1948 మార్చిలో నిజాం బలగాల చేతిలో చనిపోయాడు. ఆయన కొట్లాడిన రాజు ఆ తర్వాత రాజప్రముఖ్ అయ్యాడు. ఇదీ మాఫీ లెక్క.

ఇంకో లెక్క కూడా చెప్పాలి, దాచొద్దు. పోలీసు చర్య సమయంలో, దాని వెనకాల ఏ పాపం తెలియని ముస్లింల మీద దాడులు జరిగాయి. పండిత్ సుందర్‌లాల్ కమిటీ 1948 చివర్లో తిరిగి చూసి, 27 వేల నుంచి 40 వేల మంది దాకా ప్రాణాలు పోయి ఉంటాయని అంచనా కట్టింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ఎక్కువ. ఆ నివేదికను దశాబ్దాల పాటు బయట పెట్టలేదు, 2013లో గానీ జనం చర్చలోకి రాలేదు. రజాకారు చేసిన పాపానికి పక్కింటి దర్జీని, జులాహాను శిక్షిస్తే దాన్ని కలుపుకోవడం అంటారా?

భూమి ఎవరికి? న్యాయంగా చెప్పాలంటే ఇక్కడ అమెరికా కంటే ఒక అడుగు ముందుకు పడింది. 1949 ఆగస్టు 15న జాగీర్లు రద్దయ్యాయి. 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది, రక్షిత కౌలుదారు అనే మాట పుట్టింది. ఇయ్యాలటికీ మన పెద్దలు ‘38-ఇ సర్టిఫికెట్’ అంటరు చూడండి, అది ఆ చట్టం బిడ్డే. కానీ సంఘం పంచిన భూములు చాలా చోట్ల దొరల కిందికే తిరిగి పోయాయి. చట్టం కాగితం మీదుంది, కాగితం పట్వారీ చేతిలో ఉంది, పట్వారీ గడీ అరుగు మీదున్నాడు. 30 ఏండ్ల తర్వాత జగిత్యాలలో ఏం జరిగిందో తెలియాలంటే ఈ ముక్క యాద్ పెట్టుకోవాలి.

కుర్చీ ఎవరికి? ముందు మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి మిలిటరీ గవర్నర్. తర్వాత ఐసీఎస్ అధికారి వెల్లోడి ముఖ్యమంత్రి. ఇద్దరూ ఓటుతో వచ్చినవాళ్లు కాదు. మద్రాసు నుంచి, ఇతర ప్రాంతాల నుంచి అధికారులు, వాళ్ల వెనకాల గుమాస్తాలు దిగారు. ఉర్దూలో చదువుకుని ఉర్దూలో కచేరీ నడిపినవాడు రాత్రికి రాత్రే చదువు రానివాడయ్యాడు. ముల్కీ నిబంధన ప్రకారం 15 ఏండ్లు ఇక్కడ ఉన్నవాళ్లకే కొలువు, కానీ దొంగ ముల్కీ సర్టిఫికెట్లు దొరికాయి. 1952లో హన్మకొండలో విద్యార్థులు కదిలారు, హైదరాబాద్ దాకా పాకింది. సెప్టెంబర్ 3, 4 తేదీల్లో సిటీ కాలేజీ దగ్గర కాల్పులు జరిగాయి, పిల్లల ప్రాణాలు పోయాయి. విద్యార్థి, ఉద్యోగి కలిసి కొట్లాడిన మొదటి లడాయి అది.

అయినా ఆ రోజుల్లో నిజంగా మనుషులను కలిపిన పని ఒకటి జరిగింది. 1951 అక్టోబర్‌లో సాయుధ పోరాటం విరమించారు. 1952 మొదట్లో ఎన్నికలు. కమ్యూనిస్టు పార్టీ మీద ఇక్కడ నిషేధం ఉంది గనుక పీడీఎఫ్ పేరుతో పోటీ చేశారు. నల్లగొండలో రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు వచ్చాయి. మన కరీంనగర్ నుంచి బద్దం ఎల్లారెడ్డి పార్లమెంటుకు పోయాడు. నిన్నటిదాకా తుపాకి పట్టినవాళ్లు ఇయ్యాల చట్టం రాసే ఇంట్లో కూర్చున్నారు. తుపాకి మూడేండ్లలో చేయలేని పనిని ఓటు ఒక్క దినంలో చేసింది. కలుపుకోవడం అంటే అదీ.

కాపలా ఎవరు? 1955లో ఫజల్ అలీ కమిషన్ తెలంగాణను విడిగా ఉంచండి, 1961 ఎన్నికల తర్వాత సభలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటేనే కలపండి అన్నది. వినలేదు. 1956 ఫిబ్రవరి 20న పెద్దమనుషుల ఒప్పందం రాసుకున్నారు. ముఖ్యమంత్రి అటువైపు వాడైతే ఉప ముఖ్యమంత్రి ఇటువైపు వాడు అన్నారు, మొదటి మంత్రివర్గంలోనే ఆ మాట తప్పారు. మిగులు నిధులు, ముల్కీ కొలువులు, అన్నీ అంతే. 1969లో పిల్లలు రక్తం ధారపోశారు. 1972 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతాయన్నది. వెంటనే అటువైపు ఉద్యమం లేచింది, 1973లో ఆరు సూత్రాల పథకం తెచ్చి ముల్కీ రూల్సునే తీసేశారు. 1985లో 610 జీవో వచ్చింది, 58,962 మంది స్థానికేతరులు చేరారని అధికారుల కమిటీ ఇచ్చిన లెక్క మీద. ఆ జీవో అమలు కోసం ఎన్ని ధర్నాలు చేశామో ఇక్కడున్న ఉద్యోగులకు చెప్పనక్కర లేదు. 1877లో అమెరికాలో జరిగింది, ఇక్కడ జరిగింది ఒకటే: మాట ఇచ్చినవాణ్ణే మాటకు కాపలా పెట్టారు.

1978: జగిత్యాల, సిరిసిల్ల

ఇగ మన ఊళ్లకు వద్దాం. 1977లో ఎమర్జెన్సీ పోయింది. చదువుకున్న పిల్లలు ఊళ్లకు తరలారు. రైతు కూలీ సంఘాలు పుట్టాయి. వాళ్లు అడిగిందేమిటి? రాజ్యాన్ని కూల్చమని కాదు ముందుగాల అడిగింది. వెట్టి బంద్ చేయాలన్నారు. తీసుకున్న దండుగలు తిరిగి ఇయ్యాలన్నారు. కైకిలి పెంచాలన్నారు. దొర ఆక్రమించిన బంజరు, సర్కారు భూమి ఊరికి వదలాలన్నారు. ఇవన్నీ చట్టంలో ఉన్నవే. 1950 చట్టం 28 ఏండ్లయినా గడీ గడప దాటలేదు గనుక జనమే దాన్ని అమలు చేయబోయారు.

1978 సెప్టెంబర్ 7న జగిత్యాలలో వేలాది మంది నడిచారు. జగిత్యాల జైత్రయాత్ర అని ఇప్పటికీ చెప్పుకుంటాం. మాట వినని దొరకు ఊరు సహాయ నిరాకరణ చేసింది. చాకలి బట్టలు ఉతకలేదు, మంగలి గడ్డం గీయలేదు, జీతగాడు పాలు పిండలేదు. గడీలు ఖాళీ అయ్యాయి.

నెల రోజులు తిరిగింది. అక్టోబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఏ చట్టం కింద? 1948 నాటి కల్లోలాల అణచివేత చట్టం కింద. అది మన హైదరాబాద్ చట్టం కూడా కాదు, మద్రాసు సర్కారు చేసుకున్న చట్టం. ఐదుగురు గానీ అంతకంటే ఎక్కువ మంది గానీ గుమిగూడొద్దన్న ఆర్డర్ దాటితే, హెచ్చరించి, ప్రాణం పోయేలా కాల్పులు జరిపే అధికారం ఎస్సై స్థాయి పోలీసుకు కూడా ఇచ్చే చట్టం. స్వతంత్ర దేశంలో, ఓటుతో వచ్చిన సర్కారు తన సొంత రాష్ట్రంలోని రెండు తాలూకాలను పరాయి గడ్డ లెక్క చూసింది.

అమెరికా ఐదు మిలిటరీ జిల్లాలను గుర్తు చేసుకోండి. పైకి చూస్తే రెండూ ఒకటే, మామూలు చట్టం పక్కన పెట్టి బలగాన్ని దించడం. కానీ అక్కడ బలగం దిగింది విడుదలైన బానిస ఓటేసేలా చూడటానికి. ఇక్కడ దిగింది వెట్టి చేయనన్నవాణ్ణి మళ్లీ వంచడానికి. బలగం ఉన్నదా లేదా అన్నది కాదు, ఎవరి ఇంటి ముందు నిలబడ్డది అన్నది ప్రశ్న.

దాని ఫలితం మనందరం చూశాం. సంఘం పెట్టుకోనిస్తే ఊరి నడుమ ఉండేవాడు అడవి తొవ్వ పట్టాడు. 1980 ఏప్రిల్ 22న పీపుల్స్‌వార్ పుట్టింది. 1992లో నిషేధం వచ్చింది. ఠాణాకు పోయినవాడు తిరిగి రాలేదు, ఎన్‌కౌంటర్ అన్నారు. అటువైపు ఇన్ఫార్మర్ ముద్ర వేసి చంపిన వాళ్లలో పేదోళ్లు ఉన్నారు, వాళ్లూ మన బిడ్డలే. కేసుల బుగులుతో కొందరు, కరువుతో ఎందరో భీవండికి, బొంబాయికి, దుబాయికి పోయారు. మూడు దశాబ్దాలు మన ఊళ్లలో తల్లులు తలుపు చప్పుడైతే ఉలిక్కిపడ్డారు, పోలీసులో, అన్నలో తెలియక.

2004లో ఒక్క అవకాశం వచ్చింది. ఎస్.ఆర్. శంకరన్, కన్నబిరాన్ వంటి పెద్దలు ఏండ్ల తరబడి చేసిన ప్రయత్నం వల్ల ఆ ఏడు అక్టోబర్ 15 నుంచి 18 దాకా హైదరాబాద్‌లో సర్కారు, నక్సలైటు పార్టీలు ఒకే బల్ల ముందు కూర్చున్నాయి. బల్ల మీదికి ముందుగా వచ్చిన ముచ్చట్లలో ఒకటి ఏమిటి? భూమి! 1949లో, 1978లో తేలని ఆ భూమి. కోనేరు రంగారావు నాయకత్వంలో కమిటీ వేశారు, అది 2006లో నివేదిక ఇచ్చింది. కానీ 2005 జనవరి నాటికే చర్చలు చెడిపోయాయి. ఆగస్టు 15న ఎమ్మెల్యే నర్సిరెడ్డిని చంపారు, 17న మళ్లీ నిషేధం. రెండు దిక్కులా తుపాకి మాట్లాడితే నివేదిక ఎవరు చదువుతారు?

ఇప్పుడు ఎవరిని అడగాలి?

2014 జూన్ 2న మన రాష్ట్రం మనకు వచ్చింది. 2016 అక్టోబర్‌లో జగిత్యాల, సిరిసిల్ల జిల్లాలయ్యాయి. ఒకప్పుడు కల్లోలిత ప్రాంతం అని బోర్డు పెట్టిన చోట ఇప్పుడు కలెక్టరేట్ బోర్డు ఉంది. సంతోషం. కానీ 1877 నాటి ‘హోం రూల్’ ముచ్చట గుర్తు పెట్టుకోమన్నాం కదా, అది ఇందుకే. స్వపరిపాలన వచ్చింది అన్నది సగం మాట. ఎవరి స్వపరిపాలన అన్నది మిగతా సగం. పరాయివాణ్ణి అడిగిన నాలుగు ప్రశ్నలనే సొంతవాణ్ణి కూడా అడిగితేనే మన ఉద్యమానికి అర్థం ఉంటుంది.

మాఫీ సంగతి. 2025 అక్టోబర్‌లో పెద్దపల్లి బిడ్డ మల్లోజుల వేణుగోపాల్ రావు గడ్చిరోలిలో పదుల మంది సహచరులతో ఆయుధాలు అప్పగించాడు. దశాబ్దాల కిందట ఇల్లు వదిలినవాళ్లు తిరిగొస్తున్నారు. వాళ్లకు ఫోటో, దండ, చెక్కు ఇస్తే సరిపోదు. ఊళ్లో తలెత్తుకుని బతకనియ్యాలి, నచ్చిన పార్టీకి ఓటడగనియ్యాలి, 1952లో బద్దం ఎల్లారెడ్డికి దొరికిన తొవ్వ వాళ్లకూ దొరకాలి. రైతు కూలీ సంఘాల నాటి కేసులు ఎవరి మీదైనా మిగిలి ఉంటే ఎత్తేయాలి. రెండు వైపులా చచ్చిపోయినవాళ్ల కుటుంబాలను ఒకే తీరుగా చూడాలి. తల్లి శోకానికి పార్టీ ఉండదు.

భూమి సంగతి. 2020లో ధరణి వచ్చినప్పుడు అనుభవదారు కాలమ్ మాయమైంది. దున్నేవాడు రికార్డులో లేకుండా పోయాడు. 2025లో భూభారతి చట్టం వచ్చింది. దొరలు వదిలిపోయినంక ఏండ్ల తరబడి దున్నుకుంటున్న భూమి, చేతికాగితం మీద కొన్న భూమి, 38-ఇ భూమి, వీటికి పట్టా ఎవరి పేరు మీద ఉన్నది? ఊరూరా సభ పెట్టి, అందరి ముందర చదివి వినిపించాలని అడుగుదాం.

కుర్చీ సంగతి. 2018 రాష్ట్రపతి ఉత్తర్వులతో 95 శాతం కొలువులు స్థానికులకని రాసుకున్నాం, మంచిదే. కానీ 2021 డిసెంబర్‌లో 317 జీవో వచ్చినప్పుడు సొంత రాష్ట్రంలోనే ఎందరో టీచర్లు, ఉద్యోగులు పుట్టిన జిల్లా వదిలి మూట కట్టుకున్నారు. కుర్చీలో మనవాడు ఉన్నా జీవో ఇట్లాంటిది రావచ్చన్న సోయి మనకుండాలి.

ఇగ కాపలా. ఇది మన పని, ఎవరికీ అప్పగించేది కాదు. అమెరికాలో కాపలా ఫౌజుది, ఫౌజు పోయింది. మన దగ్గర కాపలా పెద్దమనుషులది, వాళ్లు మరిచిపోయారు. మిగిలింది మనమే. అందుకే విద్యార్థి మిత్రులకు ఒక పని అప్పగిస్తున్నాం. పాత జగిత్యాల, సిరిసిల్ల తాలూకాల్లో మీరు ఏ ఊరివాళ్లయితే ఆ ఊరిది ఒక నోట్ బుక్ పెట్టండి. 1948లో ఊరి భూమి ఎవరి కింద ఉండె, 1978లో ఎవరి కిందికి వచ్చింది, ఇప్పుడు రికార్డులో ఎవరి పేరుంది? ఎవరి మీద కేసులైనయి, ఎవరు పోయారు, ఎవరు తిరిగిరాలేదు? పెద్దమనుషులు బతికుండగానే కూర్చోబెట్టి అడిగి రాయండి. వాళ్లతో పాటు ఈ లెక్క పోతే మళ్లీ దొరకదు. రెవెన్యూలో, పంచాయతీరాజ్‌లో పనిచేసే ఉద్యోగ మిత్రులు పాత పహాణీలు, సేత్వార్‌లు ఎట్లా చదవాలో ఆ పిల్లలకు నేర్పాలి. 1952లో కలిసి నడిచిన విద్యార్థి, ఉద్యోగి ఇప్పుడు కలిసి రాయాలి.

గెలిచినవాడు జెండా పాతిన రోజును చరిత్ర అంటాడు. ఆ జెండా కింద ఆఖరి ఇంటివాడికి తన భూమి, తన ఓటు, తన మాట దక్కిన రోజునే మనం కలిసిన రోజు అనాలి. ఆ రోజు వచ్చేదాకా అడుగుతూనే ఉందాం.

జై తెలంగాణ!